తుపాకీ ముందు, చట్టం వెనుక

శాంతిభద్రతల మీద మీ అభిప్రాయం ఏమిటని మన ఎమ్మెల్యేల్లో ఎవరిని అడిగినా జవాబు ఒక్కటే వస్తుంది. 'హింస ఏ రూపంలో ఉన్నా ఖండిస్తాం, చట్టం తన పని తాను చేసుకుపోతుంది' అంటారు. అధికారపక్షమైనా, ప్రతిపక్షమైనా ఈ మాట మారదు. కుర్చీ మారితే మాత్రం ఖండించాల్సిన హింస మారిపోతుంది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు పోలీసు కాల్పులు దుర్మార్గం. అధికారంలోకి రాగానే అవే కాల్పులు ఆత్మరక్షణ. అడవిలో తుపాకీ పేలితే పత్రికా ప్రకటన గంటలో వస్తుంది. ఊరి మీద తుపాకీ పేలితే ఆ ప్రకటనకు వారం పడుతుంది. అదీ ఆచితూచి, పైనుంచి ఫోనొచ్చాక.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజలకు ఈ మాటలు కొత్త కాదు. తుపాకీ కూడా కొత్త కాదు. జమీందారు కోసం పేలిన తుపాకీని ఈ నేల చూసింది. భూస్వామి మనుషుల తుపాకీని చూసింది. సర్కారు తుపాకీని, విప్లవం పేరు చెప్పిన తుపాకీని చూసింది. ప్రైవేటు కంపెనీ కోసం కాపలా కాసిన తుపాకీని కూడా చూసింది. ఎనభై ఏళ్లకు పైబడిన ఈ చరిత్రను తిరగేస్తే మాకు ఒకే క్రమం కనిపిస్తోంది. ముందు భూమి పోతుంది. ఆ తర్వాత అర్జీలు పోతాయి. అర్జీలు విన్న నాథుడు ఉండడు. అప్పుడు తుపాకీ వస్తుంది. శవాలు లేచాక, ఊరు ఏడ్చాక, తీరిగ్గా చట్టం వస్తుంది. తుపాకీ ముందు, చట్టం వెనుక. ఈ వరసను తిరగరాయాల్సిన మనిషి పేరే శాసనసభ్యుడు. చట్టం చేసేవాడు గనకే ఆయనకు ఆ పేరు.

అందుకే మేం అంటున్నాం. తుపాకీ మీద ఒక శాసనసభ్యుడి అభిప్రాయం ఏమిటో ఆయన ఖండన ప్రకటనలో వెతకక్కర్లేదు. తుపాకీ పేలక ముందు సభలో ఆయన ఏం అడిగాడో చూడాలి.

మొదట మందసకు వెళ్దాం. 1940 ఏప్రిల్ 1. మందస జమీందారీలో అడవి మీద హక్కు కోసం రైతులు లేచారు. వంటచెరకుకు, నాగలి కర్రకు అడవికి వెళ్లడం తరతరాల హక్కు అన్నది రైతుల మాట. కాదు, నేరం అన్నది జమీందారు మాట. అరెస్టులకు పోలీసులు వచ్చారు. గుడారి రాజమణిపురంలో ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. వాళ్ల ముందు నిలబడిన సాసుమాను గున్నమ్మ నిండు గర్భిణి. తూటాలు పేలాయి. గున్నమ్మ పడిపోయింది. ఆమెతో పాటు మరికొందరు రైతులూ ప్రాణాలు వదిలారు. ఈ రోజు వీర గున్నమ్మ అని విగ్రహాలు పెట్టుకుంటున్నాం, జయంతులకూ వర్ధంతులకూ దండలు వేస్తున్నాం. కానీ ఆ రోజు ఆమె తరఫున అడగడానికి మద్రాసులో పనిచేస్తున్న శాసనసభే లేదు. 1939 అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేశాక గవర్నర్ పాలన నడుస్తోంది. జమీందారీల రద్దు చట్టం ఎప్పుడొచ్చింది? 1948లో. గున్నమ్మ నేలకొరిగిన ఎనిమిదేళ్లకు.

పరాయి పాలన గనక అలా జరిగిందని సరిపెట్టుకుందాం అనుకుంటే, మన పాలనలో జరిగింది చూడండి.

మన్యంలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1959లో ఒక రెగ్యులేషన్ తెచ్చింది. అదే భూబదలాయింపు నిబంధనల ఒకటో రెగ్యులేషన్. కాగితం మీద బంగారం లాంటి చట్టం. కానీ దాన్ని అమలు చేయడానికి కావాల్సిన రూల్సు ఎప్పుడు రాశారో తెలుసా? 1969లో. పదేళ్లు! ఏజెన్సీలోకి అప్పుల పుస్తకంతో, సారా కుండతో వచ్చిన షావుకారు ఆ పదేళ్లలో జాతాపుల భూమి రాయించుకున్నాడు. సవరల కొండవాలు రాయించుకున్నాడు. చింతపండుకు, కందులకు తను చెప్పిందే ధర అన్నాడు. వెట్టి చేయించుకున్నాడు. చట్టం బీరువాలో పడుకుంది. చట్టం చేసిన సభ ఏటా సమావేశమైంది, బడ్జెట్లు పాస్ చేసింది, చాయ్ తాగి ఇళ్లకు పోయింది. రూల్సు ఏవి అని సభను స్తంభింపజేసి, ఆ ఒక్క కాగితాన్ని బయటకు లాగగలిగిన గొంతు ఆ పదేళ్లలో మనకు దక్కలేదు.

గిరిజనులు మాత్రం ఊరుకోలేదు. సంఘం పెట్టుకున్నారు. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం లాంటి బడి పంతుళ్లు వాళ్లకు అండగా నిలబడ్డారు. కూలి రేట్లు పెంచమన్నారు, పంటలో న్యాయమైన వాటా అడిగారు, బంజర్లు, పోడు భూములు తమవన్నారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం సభ. సభకు నడిచి వెళ్తున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. కేసు పెట్టారు, విచారణ జరిగింది. మరుసటి ఏడాది నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. భూమి పోయింది, చట్టం అమలు కాలేదు. సభ పెట్టుకుంటే తూటా తగిలింది. కోర్టుకు వెళ్తే కేసు కొట్టుకుపోయింది. గిరిజనుడికి ఇంకే తలుపు తెరిచి ఉంది? 1968 నవంబరులో ఉద్దానంలోని గరుడభద్రలో, మన్యంలోని పెదగొత్తిలిలో జరిగిన ఘటనలతో శ్రీకాకుళ సాయుధ పోరాటం మొదలైందని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. మేం అనేది ఏమిటంటే, అది మొదలైంది 1968లో కాదు. రూల్సు రాయకుండా ఫైలు మూసిన రోజున మొదలైంది.

ఆ తర్వాత జరిగింది రెండు జిల్లాల్లో ప్రతి ఇంటికీ తెలుసు. 1969లో మన్యాన్ని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. కేంద్ర రిజర్వు పోలీసులు దిగారు. కొండ మీది గూడేలను ఖాళీ చేయించి రోడ్ల పక్కకు తెచ్చి పెట్టారు. సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది కృష్ణమూర్తి 1969లో పోలీసుల చేతిలో చనిపోయారు. సత్యం, కైలాసం 1970 జులై 10న చనిపోయారు. అన్నింటికీ పేరు ఒకటే, ఎదురుకాల్పులు. మరోపక్క ఉద్యమకారుల చేతిలో భూస్వాములు, షావుకార్లు, ఇన్ఫార్మర్లు అన్న ముద్ర పడినవాళ్లు చనిపోయారు. వాళ్ల ఇళ్లలోనూ ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. ఆ ఏడుపు లెక్కలోంచి తీసేసే హక్కు ఎవరికీ లేదు.

అప్పుడు కదిలింది ప్రభుత్వం. 1969లో రూల్సు వచ్చాయి. 1970లో ఒకటో రెగ్యులేషన్ వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనుడి చేతి నుంచి గిరిజనేతరుడికి మారడాన్ని గట్టిగా కట్టడి చేసిన చట్టం అది. ఈ రోజు ఏజెన్సీలో గిరిజనుడికి మిగిలిన భూమికి ఆ చట్టమే కంచె. మంచి చట్టమే. కానీ ఆ కంచె కట్టడానికి ఎన్ని ప్రాణాలు గుంజలుగా పాతాల్సి వచ్చింది? 1959లోనే రూల్సు రాసి ఉంటే లేవిడి జరిగేదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది పోలీసు కాదు. సభ.

అదే 1969లో, అదే కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం హైదరాబాద్‌లో, తెలంగాణ పట్టణాల్లో ప్రత్యేక రాష్ట్రం అడిగిన విద్యార్థుల మీద కాల్పులు జరిపింది. ఉద్యోగాలు అడిగిన పిల్లవాడికీ, కొండ భూమి అడిగిన సవరకూ సర్కారు ఒకే భాషలో జవాబు చెప్పింది. ఆ విద్యార్థుల స్తూపం హైదరాబాద్‌లో అసెంబ్లీ ఎదురుగానే, గన్‌పార్కులో నిలబడి ఉంది. దశాబ్దాల పాటు మన శ్రీకాకుళం, విజయనగరం ఎమ్మెల్యేలు కార్లలో ఆ స్తూపం పక్క నుంచే సభకు వెళ్లారు. దాని వైపు చూసిన వాళ్లెందరో, చూసి సభలో నోరు తెరిచిన వాళ్లెందరో వాళ్ల మనస్సాక్షికే తెలియాలి.

ఆ రోజుల్లో ఒక శాసనసభ్యుడు మాత్రం తన అభిప్రాయాన్ని స్పష్టంగానే చెప్పాడు. తరిమెల నాగిరెడ్డి. 1952లో జైల్లో ఉండి పోటీ చేసి అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించిన మనిషి. పదిహేడేళ్ల చట్టసభల అనుభవం తర్వాత 1969 మార్చిలో, ఈ సభ ప్రజల సమస్యలు తీర్చలేదని తేల్చి, శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి బయటికి నడిచాడు. ఆయన ఎంచుకున్న దారిని ఒప్పుకునేవాళ్లున్నారు, ఒప్పుకోని వాళ్లున్నారు. మాకు మాత్రం ఆ రాజీనామా ఒక హెచ్చరికలా కనిపిస్తుంది. సభ చేయాల్సిన పని సభ చేయకపోతే, నిజాయితీ ఉన్న మనిషికి సభలో కూర్చోవడం కష్టమవుతుంది. నిజాయితీ లేనివాడికి మాత్రం ఆ కుర్చీ మహా సుఖం.

సభ ఏం చేయగలదో, ఏం చేయలేదో 1977 మరోసారి చూపించింది. ఎమర్జెన్సీ ముగిశాక ఎదురుకాల్పుల పేరుతో జరిగిన మరణాలపై తార్కుండే కమిటీ నిజాలు బయటపెట్టింది. ఆ ఒత్తిడితో జస్టిస్ భార్గవ కమిషన్ వేశారు. సాక్షులు వచ్చి బహిరంగంగా చెప్పడం మొదలుపెట్టేసరికి వెంగళరావు ప్రభుత్వానికి చెమటలు పట్టాయి. తలుపులు మూసి విచారణ జరపాలన్నారు. చివరికి విచారణే నడిమధ్యలో ఆగిపోయింది. అప్పుడే ఆ నివేదిక సభ ముందుకు వచ్చి ఉంటే ఈ రాష్ట్రంలో తుపాకీ చరిత్ర ఇంకోలా ఉండేదని మా నమ్మకం.

ఇక మన కళ్ల ముందు జరిగినవి చూద్దాం.

సోంపేట బీల. వానలు పడితే సముద్రంలా నిండి, ఎండాకాలం కూడా తడి ఆరని నేల. చుట్టూ ఊళ్లకు సాగునీరు, మత్స్యకారులకు చేప, పశువులకు గడ్డి, పక్షులకు గూడు. దీన్ని పనికిరాని బంజరుగా రాసి 2008 సెప్టెంబరులో 1107 నంబరు జీవోతో సుమారు 970 ఎకరాలు ఒక ప్రైవేటు థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. రైతులు, మత్స్యకారులు, డాక్టర్లు, పంతుళ్లు కలిసి కూర్చున్నారు. ప్రజాభిప్రాయ సేకరణలో వద్దన్నారు. దీక్షలు చేశారు. ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ తలుపు తట్టారు. ఇంధన శాఖ మాజీ కార్యదర్శి ఈఏఎస్ శర్మ లాంటి వాళ్లు, మానవ హక్కుల వేదిక వాళ్లు తోడు నిలిచారు. ఎవరి చేతిలోనూ తుపాకీ లేదు. ప్రజాస్వామ్యం ఏ దారి చూపిందో ఆ దారినే నడిచారు.

2010 జులై 14న పోలీసులను వెంటబెట్టుకుని కంపెనీ పని మొదలుపెట్టబోయింది. ఊళ్లు అడ్డుపడ్డాయి. కాల్పులు జరిగాయి. మనుషులు పోయారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అదే తేదీ, అదే కేసు. సోంపేటలో తుపాకీ తన తీర్పు చెప్పిన రోజే ఢిల్లీలో చట్టం తన తీర్పు చెప్పింది. చట్టం ఆ ఊరి పక్షాన ఉంది. కానీ చట్టం కాగితం ఇక్కడికి చేరేసరికి తూటా చేరిపోయింది. ఒక్కరోజు ఆగి ఉంటే ఆ మనుషులు బతికి ఉండేవాళ్లు. ఆ ఒక్కరోజు ఆగమని చెప్పాల్సిన వాళ్లెవరు? జిల్లాలో మంత్రులున్నారు, ఎంపీ ఉన్నారు, ఎమ్మెల్యేలున్నారు. అప్పీలు విచారణలో ఉంది, తేలేదాకా పోలీసు కాలు పెట్టొద్దు అని ఆ పనిని ఆపించగలిగిన వాళ్లు ఒక్కరూ లేకపోయారు.

పోనీ, సోంపేటతో బుద్ధి వచ్చిందా? ఎనిమిది నెలలు తిరక్కుండానే 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో అదే కథ. అక్కడా తంపర నేలే. పక్కనే సైబీరియా కొంగలు దిగుతాయని పేరున్న తేలినీలాపురం. 1108 నంబరు జీవో, మరో థర్మల్ కంపెనీ, దీక్షా శిబిరం. మళ్లీ కాల్పులు, మళ్లీ శవాలు. వడ్డితాండ్రలో ఇళ్లు కాలిపోయాయి. తర్వాతి కాలంలో వచ్చిన ప్రభుత్వాలు ఈ భూకేటాయింపులను వెనక్కి తీసుకున్నాయి. అంటే జనం మొదట్నుంచీ అన్నదే నిజమని సర్కారే ఒప్పుకున్నట్టు. మరి నిజం చెప్పినందుకు తూటా తిన్న మనిషికి సర్కారు ఏం చెప్పింది? కాల్పులకు బాధ్యులెవరో తేల్చిందా? కాల్చమన్న అధికారి ఎవరో ఊరికి చెప్పిందా? ఉద్యమకారులు మాత్రం కేసుల కాగితాలు పట్టుకుని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు.

ఇక్కడ అసలు మాట చెప్పాలి. పోలీసు తుపాకీని ప్రశ్నించినంత గట్టిగా అడవి తుపాకీని కూడా ప్రశ్నించకపోతే మన మాటకు విలువ ఉండదు.

2018 సెప్టెంబరు 23, ఆదివారం. అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ డుంబ్రిగూడ మండలంలో ఒక ఊరి కార్యక్రమానికి వెళ్తున్నారు. లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు వాహనాలు ఆపారు. వెంట ఉన్న గన్‌మెన్ల ఆయుధాలు లాక్కున్నారు. ఇద్దర్నీ కాల్చి చంపారు. ఇద్దరూ గిరిజనులే. గిరిజనులకు రిజర్వు చేసిన స్థానం నుంచి గిరిజనులు ఓట్లేసి పంపిన వాళ్లే. వాళ్ల మీద ఆరోపణలున్నాయి అన్నారు. ఉంటే ఊరి ముందు పెట్టాలి, గ్రామసభలో నిలదీయాలి, ఓటుతో ఓడించాలి. రోడ్డు మీద నిలబెట్టి నిమిషాల్లో తీర్పు చెప్పి అక్కడే అమలు చేయడాన్ని ప్రజాకోర్టు అంటే, ఎదురుకాల్పులను న్యాయం అన్నవాడికీ మనకూ తేడా ఏముంది? ఆ సాయంత్రం జనం కోపంతో అరకు, డుంబ్రిగూడ పోలీసు స్టేషన్లకు నిప్పు పెట్టారు. తుపాకీ చూపిన దారి ఎక్కడికి పోతుందో ఆ మంటలే చెప్పాయి.

ప్రజాప్రతినిధిని చంపడం ఇది మొదటిసారి కాదు. 2000 మార్చిలో పంచాయతీరాజ్ మంత్రి మాధవరెడ్డిని మందుపాతరతో చంపారు. 2005 ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని కాల్చి చంపారు. వీటికి మధ్యలో 2004 అక్టోబరులో ఒక మంచి ప్రయత్నం జరిగింది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి పెద్దల ఏళ్ల తరబడి కృషితో ప్రభుత్వమూ నక్సలైట్లూ హైదరాబాద్‌లో ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. హోంమంత్రిగా జానారెడ్డి ప్రభుత్వ బృందానికి నాయకత్వం వహించారు. ఆ చర్చల్లో ప్రధానమైన విషయం ఏమిటి? భూమి. మళ్లీ భూమే. 2005 జనవరికల్లా చర్చలు కూలిపోయాయి. బల్ల ఖాళీ అయింది, అడవి నిండింది. బాలగోపాల్ చనిపోయే దాకా రెండు వైపులా ఒకే కొలత పెట్టి మాట్లాడాడు. రెండు వైపులా తిట్లు తిన్నాడు. శాసనసభ్యుడికి కావాల్సింది ఆ ఒక్క కొలతే.

లివిటిపుట్టు తర్వాత మన నాయకులు నేర్చుకున్న పాఠం ఏమిటి? గన్‌మెన్లను పెంచండి! టూ ప్లస్ టూ చాలదు, ఫోర్ ప్లస్ ఫోర్ కావాలి. భద్రత తగ్గించారని అలకలు, కోర్టు కేసులు, కక్షసాధింపు అన్న ప్రకటనలు. ముప్పు ఉన్నవాళ్లకు భద్రత ఇవ్వాల్సిందే, మేం కాదనడం లేదు. కానీ మన జిల్లాల్లో గన్‌మెన్ భద్రత కంటే హోదా అయిపోయాడు. పెళ్లికి వెళ్తే ఎంతమంది గన్‌మెన్లు దిగారో చూసి నాయకుడి స్థాయి లెక్కగడుతున్నారు. తుపాకీని గౌరవ చిహ్నంగా మోసే చోట తుపాకీ వద్దని ఊరికి ఎవరు చెబుతారు? లివిటిపుట్టులో గన్‌మెన్లు లేక కాదు ప్రాణాలు పోయింది. ఉన్నా ఆపలేకపోయారు. తుపాకీ తుపాకీని ఆపుతుందన్న నమ్మకం ఆ రోజే కూలిపోవాలి.

బయటి ప్రపంచంలో శాసనసభ్యులు వేరే పాఠం కూడా నేర్చుకున్నారు. 2011 జనవరిలో అమెరికాలో గాబ్రియెల్ గిఫర్డ్స్ అనే కాంగ్రెస్ సభ్యురాలి తలలోకి తూటా దూసుకుపోయింది. ఆమె బతికింది. మాట్లాడటం మళ్లీ నేర్చుకుని, తుపాకులకు కఠిన చట్టాలు కావాలని దేశమంతా తిరిగింది. 2019 మార్చిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో ఒక దుర్మార్గుడు 51 మందిని చంపితే, నెల తిరక్కుండానే అక్కడి పార్లమెంటు దాదాపు ఏకగ్రీవంగా చట్టం మార్చింది. సభ తలుచుకుంటే నెల చాలు. మనకు రూల్సు రాయడానికి పదేళ్లు కావాల్సి వచ్చింది. అమెరికాలో ఉద్యోగానికో చదువుకో వెళ్లిన మన పిల్లలు ఏ గ్యాస్ స్టేషన్లోనో, స్టోర్లోనో తూటాకు బలైతే ఆ దేశంలో తుపాకీ చట్టం లేదని మనం వాపోతాం. నిజమే. మనకు 1959 నుంచి ఆయుధాల చట్టం ఉంది. 2019 సవరణతో ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండకూడదన్నారు. కానీ లైసెన్సు ఎవరికి, ఎందుకు ఇస్తున్నారన్నది ఊరికి తెలియదు. సర్కారు తుపాకీకి లెక్క అడిగే చట్టం మాత్రం ఇంకా బలహీనంగానే ఉంది.

ఎంత బలహీనమో చూడండి. జనాన్ని చెదరగొట్టడానికి బలం వాడమని ఆదేశించిన అధికారిని ప్రభుత్వం అనుమతి లేకుండా ప్రాసిక్యూట్ చేయడానికి వీల్లేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే ఉంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ కవచాన్ని అలాగే ఉంచారు. పేరు మారింది, తాళం మారలేదు. ఎన్‌కౌంటర్ మరణాల్లో ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ జరగాలని సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. విచారణ కమిషన్ల చట్టం ప్రకారం నివేదిక అందిన ఆరు నెలల్లోపు, తీసుకున్న చర్యలతో సహా సభ ముందు పెట్టాలి. ఇవన్నీ ఉన్నాయి. వీటిని పట్టుకుని సభలో నిలబడే మనిషే కావాలి.

ఈ ప్రశ్నలకు కాలం చెల్లిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టు సమస్యను తుడిచిపెడతామని కేంద్రం గడువు పెట్టుకుంది. 2025 నవంబరు 18న హిడ్మాను మారేడుమిల్లి అడవుల్లో, అంటే మన పక్క మన్యంలోనే చంపారు. లొంగుబాట్లు జరిగాయి. అడవి తుపాకీ శబ్దం తగ్గితే సంతోషించే వాళ్లలో మేమూ ఉన్నాం. కానీ తుపాకీ వెళ్లిపోతే సమస్య వెళ్లిపోయినట్టేనా? ఇన్నాళ్లూ కొండ వైపు సర్కారు చూసిందంటే అక్కడ అన్నలున్నారన్న భయంతో. రోడ్డు వేసినా, ఐటీడీఏ పెట్టినా, ఆ భయం కొంత పని చేసిందని అందరికీ తెలుసు. భయం పోయాక గౌరవంతో చూస్తారా, అసలు చూడటమే మానేస్తారా? అదే ఇప్పటి అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న దగ్గరకొచ్చేసింది కూడా. సరుబుజ్జిలి, బూర్జ వైపు థర్మల్ కేంద్రం అన్న ప్రతిపాదన మీద గిరిజన గ్రామాలు ఆందోళన చేశాయి. మందస, పలాస ఉద్దానంలో కార్గో విమానాశ్రయం అంటే కొబ్బరి, జీడి రైతులు రోడ్డెక్కారు. మందస! గున్నమ్మ మందస! ఆ ప్రాజెక్టులు మంచివా చెడ్డవా అన్నది ఇక్కడి చర్చ కాదు. మేం అడుగుతున్నది ఒక్కటే. అక్కడ పోలీసు వ్యాను ముందు వెళ్తుందా, గ్రామసభ తీర్మానం ముందు వస్తుందా? ఎమ్మెల్యే ఊరికి వెళ్లి కూర్చుని వింటాడా, లేక 'అభివృద్ధి నిరోధకులు' అని మైకులో అంటాడా? ఈ రెండు జిల్లాల్లో తదుపరి కాల్పులు జరుగుతాయా లేదా అన్నది ఈ జవాబు మీదే ఆధారపడి ఉంది.

ప్రజా భద్రత అంటే తుపాకీ ఒక్కటే కాదని కూడా చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీలు పాడై చనిపోయిన మనిషికి ఏ గన్‌మెన్ కాపలా కాశాడు? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలన్నీ కూల్చినప్పుడు, పొట్టకూటికి గుజరాత్ బోట్లెక్కిన మన మత్స్యకారులను అదే ఏడాది పాకిస్తాన్ పట్టుకెళ్లినప్పుడు భద్రత ఎక్కడుంది? భద్రత అంటే భూమి, నీరు, ఆస్పత్రి, ఊళ్లోనే బతికే పని. అవి ఉన్న ఊరికి తుపాకీతో పని లేదు. అవి లేని ఊరికి ఏదో ఒక తుపాకీ దారి వెతుక్కుంటూ వస్తుంది.

తుపాకీ లేకుండా గెలవలేమా? గెలిచాం. 1997 జులైలో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. ఆ తీర్పు పట్టుకున్న ఆయుధం ఏమిటి? ఆ 1970 నాటి రెగ్యులేషన్. ఒక్క తూటా పేలకుండా ఒక చట్టం కొండను కాపాడింది. చట్టం ముందు నడిస్తే ఏం జరుగుతుందో అది చూపింది.

కాబట్టి రెండు జిల్లాల ఎమ్మెల్యేలను మేం ఖండనలు అడగడం లేదు. పనులు అడుగుతున్నాం. రాజ్యాంగం అయిదో షెడ్యూల్ కింద గిరిజన సలహా మండలిలో మూడొంతుల మంది గిరిజన శాసనసభ్యులే ఉండాలి. ఆ మండలిని పడుకోనివ్వకండి. పెసా చట్టం ప్రకారం గ్రామసభ మాట తేలేదాకా ఏ జీవో మీదా సంతకం పడనివ్వకండి. కోర్టులో, ట్రైబ్యునల్లో కేసు నడుస్తుంటే ఆ స్థలంలోకి పోలీసును పంపకూడదని సభలో తీర్మానం తెండి. కాల్పులు ఎక్కడ జరిగినా, ఎవరు జరిపినా, విచారణ నివేదిక ఆరు నెలల్లో సభ బల్ల మీద ఉండాలని పట్టుబట్టండి. ఉద్యమాల కేసులు ఇంకా ఎవరి మెడకైనా చుట్టుకుని ఉంటే ఎత్తేయించండి. మీ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు ఇవి అడిగితేనే మీకు తుపాకీ మీద ఒక అభిప్రాయం ఉందని నమ్ముతాం.

విద్యార్థులకు, ఉద్యోగులకు ఒక మాట. సభ జరిగే రోజుల్లో మీ ఎమ్మెల్యే ఏం అడిగాడో లెక్క రాయండి. రెవెన్యూ ఆఫీసులో పనిచేసే ఉద్యోగి మిత్రులారా, 'బంజరు' అని మీరు రాసే ఒక్క మాట రేపు ఒక ఊరి మీద తూటా కావచ్చు. బీలను బంజరని రాసిన కలమే తుపాకీ కంటే ముందు పేలింది. కొండకూ, సముద్రానికీ మధ్య ఉన్న ప్రతి ఊరి పేరూ చూసి, నడిచి, అడిగి రాయండి.

ప్రత్యేక రాష్ట్రం కోరుకునే మనం మనల్ని మనం కూడా ఒకటి అడుక్కోవాలి. రేపు మన రాష్ట్రం, మన అసెంబ్లీ, మన హోంమంత్రి వచ్చినా, తుపాకీ ముందు, చట్టం వెనుక అన్న వరస మారకపోతే మారింది బోర్డు మాత్రమే. రాష్ట్రం ఎంత చిన్నదైతే ఎమ్మెల్యే ఊరికి అంత దగ్గరగా ఉండాలి. ఊరి మనిషి అర్జీకి, పోలీసు తూటాకి మధ్య నిలబడగలిగినంత దగ్గరగా.

గున్నమ్మ నిలబడింది అక్కడే. ఆమె శాసనసభ్యురాలు కాదు. చేయాల్సిన పని మాత్రం శాసనసభ్యులదే.